ఇంటిలోని వినోదము - యువకుని విసుగు

కురుక్షేత్ర యుద్ధమునకు ముందు వ్యాసభగవానుడు ధృతరాష్ట్రుని కడకు వచ్చి, యుద్ధమును చూడగోరినచో కన్నులొసగెదనని పలికెను. జ్ఞాతివధను చూడజాలను, విన్నచో చాలునని ఆ రాజు బదులు చెప్పెను. అంతట సంజయునకు దివ్యదృష్టి లభించెను. ఇంట కూర్చుండి దూరపు సంగతి వినవలెనన్న కోరిక మనకు అంత పాతది. అయితే ధృతరాష్ట్రునకు సంజయుడు ఒక్కడే. మా యింటి యువకునకు సంజయులు వేలకొలది. అయినను అతడు సాయంకాలమున విసుగుకొనుచున్నాడు. ఎందుకు విసుగుకొనుచున్నాడు, దేనికి సంతోషించుచున్నాడు, ఆ రెంటిని చూచిన పెద్దవాడనగు నేను ఏమి నేర్చుకొంటిని, ఈ మూడు సంగతులు నేడు మనవి చేసెదను.

ఆ యువకుడు నా దౌహిత్రుడు. ఇరువది రెండేండ్లవాడు. దగ్గఱి పట్టణమున బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయును. ప్రొద్దున ఎనిమిది గంటలకు మోటారు సైకిలుపై పోయి, దీపములు పెట్టిన తరువాత ఇల్లు చేరును. పగలంతయు బస్తాల లెక్క, తూకముల లెక్క, లారీల లెక్క. ఇల్లు చేరి కాళ్లు కడుగుకొని కూర్చున్నవానికి ఒక గంట వినోదము కావలెననుట తప్పు కాదు. ఆ గంట వానికి ఎట్లు గడచునో చెప్పెదను.

మొదటి విఘ్నము ఇంటనే కలదు. ఏడు గంటలు మొదలు తొమ్మిది గంటలవఱకు టెలివిజను వాని అమ్మమ్మది. ధారావాహికలోని అత్తాకోడండ్ర వ్యాజ్యము తీరువఱకు రిమోటు ఆమె చేతి క్రిందనే యుండును. ఆ వ్యాజ్యము నాలుగేండ్లయినను తీరలేదు.

ఆమె లేచిన పిమ్మట వాడు క్రికెట్టు పెట్టును. అంతలో మబ్బు పట్టును. డాబాపైనున్న డిష్షు దక్షిణాకాశమును చూచుచుండును. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున ఉపగ్రహము కలదు. అది భూమితో సమముగా తిరుగుటచే మనకు కదలనట్లు తోచును. అచ్చటినుండి వచ్చు తరంగములు మిక్కిలి పొట్టివి, రెండు మూడు సెంటీమీటర్లకు మించవు. గట్టి వాన నడుమ అడ్డుపడినచో నీటిచుక్కలు వానిని కొంత మ్రింగును, కొంత చెదరగొట్టును. పాత టెలివిజనులో ఆటంకము కలిగినచో బొమ్మపై నువ్వులు చల్లినట్లు చుక్కలు పడెడివి. మాట మాత్రము ఎట్లో వినబడెడిది. ఇప్పటి పద్ధతి యంతయు అంకెలమయము. లోపమును కొంతవఱకు అదియే దిద్దుకొనును. హద్దు దాటినంతనే బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి నిలిచిపోవును. బంతి వేయువాని చేయి పైకి లేచి యట్లే యుండును. వాన వెలిసి ఆ చేయి దిగునప్పటికి ఆట ముగిసియుండును.

డిష్షును నమ్మరాదని వాడు తీగె వేయించి ఇంటర్నెట్టు పెట్టించెను. ఆ మార్గమున వచ్చు సినిమాను కొన్ని కొన్ని సెకండ్ల తునకలుగా చేసి పంపుదురు. తునకలు కొన్ని ముందుగా వచ్చి నిలువయుండును. ఒకటి చూచుచుండగా తరువాతివి చేరుచుండును. రాకకంటె వాడుక హెచ్చినచో నిలువ అడుగంటును. అప్పుడు తెరమీద చిన్న చక్రము తిరుగును. కాలువ చివర పొలము గలవారికి ఈ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు. ఎగువ మడులవారందఱు ఒకేసారి తూములెత్తినచో దిగువ మడికి తడి యెక్కడిది? రాత్రి ఎనిమిది మొదలు పదివఱకు ఊరంతయు తూములెత్తు వేళ. సుదర్శనచక్రము శత్రువును ఖండించి స్వామి చేతికి తిరిగివచ్చునని పురాణము. ఈ చక్రము కథను ఖండించి అచ్చటనే తిరుగుచుండును.

ఆటల విషయమున ఇంకొక తంటా కలదు. ఇంటర్నెట్టులో వచ్చు ఆట తఱచుగా డిష్షులో వచ్చుదానికంటె కొన్ని సెకండ్లు వెనుకబడి యుండును. తునకలు కోయుటకు, పంపుటకు, నిలువచేయుటకు ఆ మాత్రము కాలము పట్టును. మా పొరుగింటివారు డిష్షులో చూతురు. వీని తెరపై బంతి ఇంకను వేయకమునుపే ప్రక్కయింటినుండి కేక వచ్చును. ఫలశ్రుతి ముందు చదివి కథ తరువాత చెప్పినట్లుండును. నడివేసవిలో వీడు కిటికీలు మూసికొని, చెమటలు కారుచుండగా ఆట చూచిన రాత్రులు కలవు.

రుసుముల సంగతి వేఱు. ఒక సంస్థకు నెలకొకసారి, మఱొకదానికి ఏటికొకసారి కట్టును. తాను చూడగోరిన సినిమా మాత్రము తాను కట్టని మూడవదానిలో నుండును. అన్నియు చక్కగా నున్న రాత్రి అన్నిటికంటె పెద్ద చిక్కు వచ్చును. ఏది చూడవలెనో వానికి తోచదు. తెరమీద బొమ్మలను పైకి క్రిందికి జరుపుచు నలువది నిమిషములు గడపును. కంచములో అన్నము చల్లారును. చివరకు మునుపు మూడుసార్లు చూచిన సినిమానే పెట్టి, సగములో నిద్రపోవును.

ఇవి వాని కష్టములు. సుఖములును లేకపోలేదు. చెవులకు తగిలించుకొను సాధనములో వీణ వినునప్పుడు, తంత్రిపై వ్రేలు జారిన సవ్వడి సహితము వినబడుచున్నదని నాకును పెట్టి వినిపించెను. కచేరిలో ముందువరుసలో కూర్చున్నను నాకట్టి సవ్వడి వినబడలేదు. మోకాళ్ల నొప్పులతో కదలలేని అమ్మమ్మకు తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడవాహనమును నట్టింట చూపును. ఆదివారము నలుగురు స్నేహితులు వచ్చినచో, మరమరాలలో ఉల్లిపాయ, పచ్చిమిరప కలుపుకొని, ఆట ముగియువఱకు ఇల్లెగిరిపోవునట్లు అఱచుదురు. చక్రము తిరిగినను ఆనాడు వానికి కోపము రాదు. ఒంటరిగా నున్నప్పుడు విసుగు పుట్టించిన చక్రమే నలుగురున్నప్పుడు నవ్వు పుట్టించును. ఈ భేదమును నేను అప్పుడు గమనింపలేదు.

ఒక సాయంకాలము వాడు చేతిలోని రిమోటును మంచముపై విసరి, ఎవరినో శపించెను. ఆనాడు నా మనస్సు వేఱొక కారణమున చెడియుండెను. 'తిండి, నిద్ర మాని ఆ పెట్టెకు దాస్యము చేయుచున్నావు. మా కాలమున మేమిట్లు చెడలేదు' అంటిని. ఇంకను కొన్ని మాటలంటిని. అవి ఇచ్చట చెప్పదగినవి కావు. వాడు బదులాడలేదు. మఱునాటినుండి నట్టింట కూర్చుండుట మానెను. అన్నము తిని, సెల్‌ఫోను తీసికొని డాబామీది గదిలోనికి పోవుచుండెను. టెలివిజను అమ్మమ్మకు పూర్తిగా దక్కెను. అయినను ఆమె సంతోషింపలేదు. ఇల్లు నిశ్శబ్దమైనది.

'మా కాలమున మేమిట్లు చెడలేదు' అన్నమాట నిజమా? శ్రోతలారా, అది నిజము కాదు. ఆ సంగతిని నలువదియాఱేండ్లు నేనెవరికిని చెప్పలేదు.

1977లో నాకు ఇరువదియేండ్లు. సంస్కృతాంధ్రములు చదువుకొనుచు, సెలవులకు ఇంటికి వచ్చుచుంటిని. రేడియో ఉంచుకొనుటకు తపాలా కార్యాలయమున లైసెన్సు కట్టవలసిన కాలమది. మా తండ్రిగారు వడ్లమ్మిన సొమ్ముతో నాలుగు సెల్లుల ట్రాన్సిస్టరు కొనిరి. ఆయనకు అది వార్తలకును, వ్యవసాయపు ముచ్చటలకును, ఉదయమున భక్తిరంజనికిని. నాకది పాటలకు. పగటివేళ ఆకాశమునందలి క్రింది పొర యొకటి మధ్యతరంగములను మ్రింగివేయును. ప్రొద్దుగ్రుంకిన తరువాత ఆ పొర సన్నగిల్లగా, పైపొర ఆ తరంగములను మరల భూమిమీదికి త్రిప్పి పంపును. అందుచే పగలు విజయవాడ దాటని మా పెట్టె రాత్రివేళ సముద్రము దాటి సింహళపు పాటలు పట్టెడిది. లోపలనున్న ఫెరైటు కడ్డీకి దిక్కుతో పని. పెట్టెను కొంచెము త్రిప్పినచో పాట దగ్గఱకు వచ్చెడిది. ఇంకొంచెము త్రిప్పినచో పారిపోయెడిది. దుప్పటి ముసుగులో పెట్టెను చెవికానించుకొని, పాటవెంట దానిని త్రిప్పుచు అర్ధరాత్రివఱకు మేలుకొనెడివాడను.

మాకును విసుగులు కలవు. కోరిన పాట కొఱకు కార్డులు వ్రాసి నెలలు ఎదురుచూచితిమి. నా పేరును ఊరి పేరును రేడియోలో చదివిన దినమున నేను పొలమున నుంటిని. ఊరంతయు వినినది, నేను తప్ప. సంక్షిప్త శబ్దచిత్రము రసపట్టున నుండగా సెల్లులు నీరసించి, నాయకుని గొంతు చీమ గొంతయ్యెడిది. సెల్లులను తీసి ఎండలో పెట్టెడివారము. వెచ్చబడిన సెల్లు మఱి కొంతసేపు పలికెడిది. కొత్త సెల్లులకు తండ్రిగారిని అడుగవలెను. అడిగినచో, పాతవేమైనవని ఆయన అడుగుదురు. అందుచే నేను అడిగెడివాడను కాను.

ఆ సంవత్సరము నవంబరు నెలలో సెలవునకు వచ్చి, వరుసగా మూడు రాత్రులు పాటలు వింటిని. 19వ తేది శనివారము. ఉదయమున తండ్రిగారు రేడియో పెట్టగా అది గుసగుసలాడి ఊరకుండెను. ఎండలో పెట్టుదమన్నచో ఎండ లేదు. ఆకాశము మూసికొని యున్నది. సెల్లుల దుకాణము రెండు కోసుల దూరము. 'రేపు తెచ్చెదను' అంటిని. మా ఇల్లు పొలముగట్టున విడిగా నుండెను. ఊరిలో మఱి నాలుగు రేడియోలున్నను వాని మాట మాకు చేరలేదు. తుఫాను హెచ్చరికలు రేడియోలో చెప్పుచుండిరని మాకు తరువాత తెలిసినది.

ఆ సాయంకాలము వచ్చిన గాలిని ఆ జిల్లాల పెద్దలెవ్వరును మఱువలేదు. దివిసీమను ఉప్పెన ముంచెను. సుమారు పదివేలమంది ప్రాణములు పోయినవని లెక్క. మా ఊరు సముద్రమునకు రెండామడల దూరమగుటచే మాకు ఉప్పెన రాలేదు. గాలి వచ్చెను. ఇంటి కప్పు సగము లేచిపోయెను. పశువుల పాక కూలెను. అందు ఒక ఆవును, దాని దూడయు చనిపోయెను. ముందుగా తెలిసినచో తండ్రిగారు వానిని ఊరి గుడి మండపములో కట్టియుందురు. అది ఆయనకు తెలియును, నాకును తెలియును. అంతటి విపత్తులో ఒక ఆవు లెక్కలోనిది కాదని మీరనవచ్చును. ఆ ఆవు పాలు త్రాగి పెరిగినవాడను గనుక నాకు అది లెక్కయే.

తండ్రిగారు నన్నొక మాటయైన అనలేదు. త్రోవలు బాగుపడిన తరువాత ఆయనయే పట్టణమునకు నడచి పోయి ఎనిమిది సెల్లులు తెచ్చిరి. నాలుగింటిని రేడియోలో వేసిరి. తక్కిన నాలుగింటిని గుడ్డలో చుట్టి దూలమునకు కట్టిరి. 'ఇవి పాటలకు నాయనా. అవి గాలివానకు' అనిరి. అంతే. నన్ను పాటలు వినవద్దనలేదు. ఆ మూటను నేనెన్నడును ముట్టలేదు.

ఈ కథ తెలిసిన నేనే మనుమని అంత మాటంటిని. ఇప్పుడు మఱియొక గాలివాన సంగతి వినుడు.

2023 డిసెంబరు 5వ తేదిన మిచౌంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటెను. దానికి ముందురోజే మా ఊరిలో కరెంటు పోయెను. టెలివిజను, డిష్షు, ఇంటర్నెట్టు, అన్నియు ఒక్క క్షణమున మూగవోయినవి. వాడు మిల్లునకు పోలేదు. డాబామీది గది కురియుటచే క్రిందికి దిగివచ్చి, నట్టింట గోడకానుకొని కూర్చుండెను. చేతిలో సెల్‌ఫోను లేదు. ఆటలాడి, సినిమాలు చూచి చార్జి అంతయు కాల్చివేసి యుండునని నేను లోలోపల అనుకొంటిని. నోరు కూడ తెఱచితిని. అంతలో వాని అమ్మమ్మ, 'ఒరే, నీ ఫోనేదిరా?' అని అడిగెను.

'కట్టివేసి బియ్యపు డబ్బాలో పెట్టితిని అమ్మమ్మా. కరెంటు ఎప్పుడు వచ్చునో తెలియదు. రెండు గంటలకొకసారి తీసి, తుఫాను కబురు చూచి మరల కట్టివేసెదను. పాటలకు కాదది' అనెను.

తెఱచిన నోరు మూసికొంటిని. వానికి నా కథ తెలియదు. దూలమునకు కట్టిన మూట సంగతి తెలియదు. ఎవ్వరును చెప్పకయే వాడు చేసిన పనిని, ఇరువదియేండ్ల వయస్సున నేను చేయలేకపోతిని. పెట్టెకు దాసుడని నేను తిట్టినవాడు, అవసరము వచ్చినప్పుడు పెట్టెను తన చెప్పుచేతలలో నుంచుకొనెను.

ఆ రాత్రి దీపపు వెలుగున నా కథ వానికి చెప్పితిని. ఆవు సంగతియు చెప్పితిని. వాడు చాలసేపు మాటలాడలేదు. పిదప, 'ఆ రేడియో ఉన్నదా తాతయ్యా?' అని అడిగెను. అది లేదు గాని, నేను పింఛను వచ్చిన తరువాత కొన్న చిన్న రేడియో బీరువాలో నున్నది. సెల్లులు వేఱుగా కాగితములో చుట్టియున్నవి. పెట్టగా పలికెను. విజయవాడ కేంద్రమునుండి తుఫాను వార్తలు వచ్చినవి, తరువాత పాటలు వచ్చినవి. ఇంటివారమందఱము ఆ యొక్క గొంతుచుట్టు కూర్చుంటిమి. ఏది వినవలెనన్న ప్రశ్న లేదు, ఉన్నది ఒక్కటే. పెట్టెను త్రిప్పినచో పాట దగ్గఱకు వచ్చుట వానికి మిక్కిలి వింతయైనది. ఆ రాత్రి వాడు దానిని పదిసార్లు త్రిప్పెను.

మూడవనాడు కరెంటు వచ్చెను. వాడు రేడియోకు భక్తుడైనాడని చెప్పినచో అది కథ యగును గాని నిజము కాదు. పరుగున పోయి టెలివిజను పెట్టెను. చక్రము తిరిగెను. విసుగుకొనెను. అయితే ఆనాడు డాబామీదికి పోలేదు. నా పడకకుర్చీని టెలివిజనుకు ఎదురుగా జరిపి, 'మాయాబజారు పెట్టనా తాతయ్యా?' అనెను. 1957లో వచ్చిన ఆ చిత్రము నేను పుట్టిన సంవత్సరముది. ఇప్పటి టెలివిజను గోడపటమువలె పలుచన గనుక దాని గొంతు వెనుకకో క్రిందికో తిరిగియుండును. పాట గట్టిగాను మాట మెల్లగాను వినబడును. చెవి మందగించిన నాకు సంభాషణము చేరదని వాడెఱుగును. అందుచే గొంతు పెంచి, తానును కొంచెము జరిగి, వినబడని మాటలను నా చెవిలో చెప్పుచుండెను. శశిరేఖ ప్రియదర్శిని పెట్టె తెఱచి అందు అభిమన్యుని చూచు ఘట్టము వచ్చినప్పుడు, 'ఇదిగో తాతయ్యా, మన ఫోనును వీరు అప్పుడే కనిపెట్టిరి' అనెను. ఆ పెట్టెలో ఎవరికి ఎవరు ప్రియులో వారే కనబడుదురు. ఆ పోలిక నాకు అంతకుముందు తోచలేదు. ఆ చిత్రమును పలుమాఱులు చూచిన నాకు, దానిలోని సంగతి నొకదానిని ఇరువదియేండ్లవాడు చూపించెను.

పెద్దలారా, నా మనవి స్వల్పము. మీ యింట యువకుడు తెరముందు విసుగుకొనుచున్నచో, వెంటనే తెరను నిందింపకుడు. వాడు దినమంతయు ఎచ్చట పనిచేసి వచ్చినాడో తలచుకొనుడు. ప్రక్కన ఒక కుర్చీ వేసికొని, ఏమి చూచుచున్నావని అడుగుడు. మొదటి రెండు రోజులు వానికి ఇబ్బందిగా నుండును, మీకును నుండును. మూడవనాటికి వాడే చెప్పును. ఒంటరివానికి చక్రము శత్రువు. ఇద్దఱున్నచో మాటలాడుకొనుటకు అదియే సందు.

ఇంకొక చిన్న సంగతి. ఇంట ఒక రేడియో ఉంచుడు. సెల్లులను అందులోనే విడువకుడు. అవి కారి పెట్టెను తినివేయును. వేఱుగా చుట్టి, పొడిచోట ఉంచుడు. మబ్బు పట్టినప్పుడు ఫోనులను నిండుగా చార్జి చేసికొనుడు. మా ఇంట ఇప్పుడు ఆ సెల్లుల మూట నా మనుమని ఆధీనమున నున్నది. దానిపై వాడు కలముతో 'గాలివానకు' అని వ్రాసి యుంచినాడు.